ఆఖరి బొట్టు దాకా

జూన్ 12, 2023, సోమవారం

ఈరోజు ఆయనను దవాఖాన నుంచి ఇంటికి తీసుకొచ్చాం. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు తనవి కానట్టే పడి ఉన్నాయి. తమ్ముడు నరేశ్ భుజాలు పట్టాడు, పక్కింటి నాగరాణి మొగుడు కాళ్లు పట్టాడు. నేను ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని వెనక నడిచాను. ఆ చెప్పులు ఎందుకు మోశానో నాకే తెలియదు. ఇప్పట్లో తొడుక్కునేది లేదు కదా.

మాట పోయింది. పూర్తిగా పోతే అదొక బాధ. ఒక్క మాట మాత్రం మిగిలింది. "పోనియ్."

నీళ్లు కావాలన్నా పోనియ్, వద్దన్నా పోనియ్. ఫ్యాను ఎక్కువైనా, దోమ కుట్టినా అదే. ఇరవై ఏళ్లుగా సొంత వ్యానులో మందుల కంపెనీ స్టాఫును తిప్పిన మనిషి. అందరూ ఎక్కాక వెనక నుంచి ఎవరో ఒకరు "పోనియ్ రాజన్నా" అంటేనే గేరు వేసేవాడు. ఇంట్లో నేను గొడవకు దిగితే ఆయన జవాబు కూడా అదే. "పోనియ్ అండాలూ." బండికైతే కదలమని, గొడవకైతే ఇక వదిలెయ్యమని. ఇప్పుడు ఏది దేనికో నేను ఎట్లా పోల్చుకోవాలి?

"ఇంకొక్క మాట వచ్చిందంటే దాని వెన్కనే మిగిలినయి వస్తయమ్మా" అన్నాడు డాక్టరు. ఆ రెండో మాట కోసం మన్యంకొండ స్వామికి మొక్కాను. కురుమూర్తి స్వామికి కూడా మొక్కాను. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు.

జూన్ 15, గురువారం

కంపెనీ నుంచి సూపర్‌వైజర్ ఫోను చేశాడు. ఆయన గొంతు మామూలుగానే మైకు పెట్టినట్టు ఉంటుంది. ఇన్ని రోజులు ఆగారట, ఇక ఆగలేరట. పొద్దుటి షిఫ్టు ట్రిప్పు వేరే బండికి ఇచ్చేశారు. "మీ సారు మంచోడమ్మా" అని రెండుసార్లు అన్నాడు. మంచితనం చూసి ట్రిప్పు ఎవరిస్తారు, నడిచే బండిని చూసి ఇస్తారు గాని.

ఫోను పెట్టేసి చూస్తే ఆయన నా మొహమే చూస్తున్నాడు.

"బండి నరేశ్‌కు అప్పజెప్పిన. రేపటి సంది ట్రిప్పు వాడే నడుపుతడు. ఫికర్ చెయ్యకు" అన్నాను. ముందే అనుకున్నది కాదు, నోట్లోంచి అట్లా వచ్చేసింది.

ఆయన కాసేపు కళ్లు మూసుకున్నాడు. తర్వాత మెల్లగా "పోనియ్" అన్నాడు. రాత్రి సగం కంచం అన్నం తిన్నాడు. దవాఖాన నుంచి వచ్చాక అంత తినడం ఇదే. అబద్ధంలో ఇంత పోషకాహారం ఉందని మా అంగన్‌వాడీ శిక్షణలో ఎవరూ చెప్పలేదు.

జూన్ 16

బండిని బాదేపల్లిలో నరేశ్ ఇంటి వెనక ఖాళీ జాగాలో పెట్టించాను. మా వాకిట్లోనే నిలబడి ఉంటే నడుస్తున్నదని ఆయన ఎట్లా నమ్ముతాడు? నరేశ్ నడిపేది బడి బస్సు, వాడికి ట్రిప్పు కొట్టే తీరిక ఎక్కడిది. "ఆదివారం ఆదివారం బండి తీస్కొచ్చి బావకు చూపియ్యి, చాలు" అన్నాను. ముందు గునిసి, నా మొహం చూసి సరే అన్నాడు.

జూన్ 28

గోడ వైపు తిరిగి పడుకుంటున్నాడు. గోడలో ఏముందో.

జులై 5, బుధవారం

కాలుచేతులు ఆడించడానికి కరుణ అనే పిల్ల వస్తోంది. సర్కారు దవాఖానలో పని, సాయంత్రాలు ఇళ్లకు వస్తుంది. నడవడానికి నాలుగు కాళ్ల స్టాండు తెచ్చి మంచం పక్కన పెట్టింది. ఆయన దాన్ని ఎవరో వాకిట్లో కట్టేసి పోయిన పరాయి మేకను చూసినట్టు చూశాడు.

"లేవాలె పెద్దనాయినా. లేవకుంటే కీళ్లు పట్టుకపోతయ్" అంది.

"పోనియ్" అని గోడ వైపు తిరిగాడు.

గేటు దగ్గర కరుణ నాతో మెల్లగా చెప్పింది. "నేను చెయ్యి ఆడిస్త, కాలు ఆడిస్త. మనసును ఏడికెళ్లి ఆడియ్యాలె చెప్పు పెద్దమ్మా? గీ మూడు నాలుగు నెలలే ముఖ్యం. గిప్పుడు లేస్తే లేసినట్టు. తర్వాత కష్టం."

పిల్ల మంచిదే. నాకు మాత్రం దాని మీద కోపం వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేవాళ్ల మీద నాకు ఈమధ్య ఊరికే కోపం వస్తోంది.

జులై 9, ఆదివారం

నరేశ్‌ను ఒక అబద్ధం చెప్పరా అంటే వాడు దానికి పెళ్లి చేసి పిల్లల్ని కూడా పుట్టిస్తాడు. ప్యాకింగు సెక్షన్ ఆడపిల్లలు బావను రోజూ అడుగుతున్నారట. ముందు సీటు కోసం కంపెనీ సార్లు ఇద్దరు కొట్లాడుకున్నారట. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చాలించరా అని వంటింట్లోంచి నేను కళ్లతో సైగ చేస్తూనే ఉన్నాను. వాడు ఆగితే కదా.

"ఆయిల్ మార్చే టైమయింది బావా. రేపు హైవే మీద ఎల్లేష్ షాపుల ఇస్త. అర్ధగంట పని" అన్నాడు.

గోడ వైపు ఉన్న మనిషి ఇటు తిరిగాడు. ఎడమ చేత్తో మంచం పట్టె పట్టుకున్నాడు. "పోనియ్, పోనియ్" అన్నాడు, గొంతులో కోపం. అట్లా అంటూనే లేచి కూర్చున్నాడు. ఎవరూ పట్టుకోలేదు. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను, పప్పు అడుగంటింది.

ఈ షాపు గొడవ మా పెళ్లంత పాతది. "ఊరంత షాపుకిస్తరు. నీ బండికేమైన కొమ్ములున్నయా?" అని నేను అంటూనే ఉండేదాన్ని. ఆయన ఆదివారం వాకిట్లో గోనె సంచి పరుచుకుని బండి కిందికి దూరేవాడు. సరిగ్గా ముగ్గు వేసే చోట నూనె కారేది. ఆ మరక సబ్బుకు పోదు, సోడాకు పోదు. చివరికి మరక చుట్టూ ముగ్గు వేయడం నేర్చుకున్నాను.

ఆయన వాదన ఒక్కటే. "షాపోళ్లకు తొందర. పాతది ఆఖరి బొట్టు దాకా దిగనియ్యరు. కొంచెం అడుగుల ఉండంగనే నట్టు బిగిచ్చి కొత్తది పోస్తరు. గది కొత్తది పోసినట్టా, పాతదాన్ని పెంచినట్టా?" ఆఖరి బొట్టు పడేదాకా పీట వేసుకుని, చాయ్ తాగుతూ పక్కనే కూర్చునేవాడు. నాకు అది చాదస్తం. ఒక ఆదివారం మా అక్క కూతురి పెళ్లిచూపులకు ఆ బొట్టు వల్లే ఆలస్యమైంది.

"షాపుకియ్యం. మనమే మారుద్దాం. నువ్వు చూపియ్యి, నేను చేస్త" అన్నాను ఈరోజు.

"పోనియ్" అన్నాడు. ఈసారిది కదలమని. అందులో అనుమానం లేదు.

జులై 16, ఆదివారం

రాయాలి. వేళ్లు నొప్పి, అయినా రాయాలి.

పొద్దున నరేశ్ బండి తెచ్చాడు. ముందు చక్రాలు జాకీతో లేపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాడు. "నేను చేస్తనక్కా" అని వాడు వంగబోతే ఆయన ఎడమ చేత్తో పక్కకు పొమ్మన్నాడు. వాడి పని మీద ఆయనకు ఎప్పుడూ నమ్మకం లేదు. నా పని మీద మాత్రం ఎక్కడిది, పానా పట్టుకోవడం ఇదే మొదలు. కొంగు దోపుకుని, పైన ఆయన పాత ఖాకీ చొక్కా వేసుకుని గోనె సంచి మీద పడుకుని కిందికి దూరాను. గోడ అవతల నాగరాణి నవ్వు వినిపించింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకో.

ఆయన వాకిట్లో కుర్చీలో కూర్చున్నాడు. మంచం నుంచి కుర్చీ దాకా నరేశ్ భుజం మీద, ఆ ఇనుప మేక మీద నడిచే వచ్చాడు. అది రాయడం మరిచిపోతున్నాను, అసలు రాయాల్సిందే అది.

నట్టు ఎంతకీ రాలేదు. నేను బలంకొద్దీ తిప్పుతుంటే ఆయన స్టాండుతో నేలను టకటకా కొట్టాడు. బిగించే వైపు తిప్పుతున్నానట. కింద పడుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయని నాకేం తెలుసు. ఇటు తిప్పాను. కదిలింది. ఉన్నట్టుండి నట్టు చేతిలోకి ఊడి, నూనె వేడిగా మోచేతి దాకా పారింది. అరిచాను. ఆయన నవ్వాడు. మూతి ఎడమ పక్క మాత్రమే లేచింది, అయినా అది నవ్వే.

బేసిన్‌లోకి దిగిన నూనె కాగిన బెల్లం పాకం రంగులో ఉంది. ముందుకు వంగి వేలు ముంచాడు. బొటనవేలికి, చూపుడువేలికి మధ్య వేసి రుద్దాడు. ఆయన ముప్పై ఏళ్ల కింద మగ్గం దిగాడు గాని, ఆ వేళ్లు దిగలేదు. మా మామ నూలు పట్టి చూసినట్టే ఈయన నూనె పట్టి చూస్తాడు. సరిగ్గానే పనిచేసిందన్నట్టు తల ఊపాడు.

ఆ తర్వాత ఇద్దరం ఆఖరి బొట్టు కోసం కూర్చున్నాం. నరేశ్ బీడీ కాల్చుకోవడానికి పోయాడు. ధార సన్నబడింది, తీగ అయింది, చుక్కలయింది. ఒక చుక్కకు ఇంకో చుక్కకు మధ్య నేను చాయ్ గ్లాసు ఆయన నోటికి అందించి, మూతి తుడిచి, గ్లాసు కింద పెట్టేదాన్ని. ఇన్నేళ్లలో ఈ పని దగ్గర నేను ఆయన పక్కన కూర్చున్నది లేదు. ఎందుకు కూర్చోలేదో. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

నట్టు బిగించి కొత్తది పోశాను. ముందు సీటు లేపి, నూనె మట్టం చూసే గేజ్ పుల్ల తీసి చూపించాను. సరిపోయింది. అప్పుడు ఆయన తనంతట తాను స్టాండు పట్టుకుని లేచి, గేటు దాకా నడిచి, తిరిగొచ్చాడు.

నేను వంటింట్లోకి పోయి ఏడ్చాను. సంతోషానికే.

జులై 30

రోజూ గేటు దాకా. ఒక రోజు గేటు అవతల కరెంటు స్తంభం దాకా. "గిట్లనే నడిస్తే శివరాత్రికి బండెక్కుతడు" అంది కరుణ. పిల్ల బంగారం. దాన్ని ఏమన్నా అన్నానా ఇంతకుముందు?

ఆగస్టు 11

మళ్లీ గోడ. నాలుగు రోజుల నుంచి లేవడం లేదు.

ఆగస్టు 15

అంగన్‌వాడీలో జెండా ఎగరేసి, పిల్లలకు పిప్పరమెంటు బిళ్లలు పంచి వచ్చాను. ఆయన పొద్దున పెట్టిన చోటే, పెట్టినట్టే ఉన్నాడు. నాకు ఒక ఆలోచన వచ్చింది. జులైలో ఆయనను లేపింది మందు కాదు, కరుణ కాదు. మళ్లీ ఆయిల్ మారిస్తే?

"నరేశ్ రెండు షిఫ్టులు కొడుతుండట. ఆయిల్ జల్ది మార్చాలంటుండు" అని చెప్పాను. ఇటు తిరిగాడు. చెప్పాను కదా.

ఆగస్టు 20, ఆదివారం

ఎంత తెలివితక్కువదాన్ని.

అన్నీ జులైలో లాగే చేశాం. కుర్చీ, గోనె సంచి, చాయ్. నట్టు ఈసారి మొదటిసారే సరైన వైపు తిప్పాను. దిగిన నూనె పల్లీ నూనెలా ఉంది. నేను పోసినప్పుడు ఎంత తేటగా ఉందో అంత తేటగా. బేసిన్ అడుగున పువ్వుల బొమ్మ కనిపిస్తోంది.

నడవని బండిలో నూనె ఎందుకు నల్లబడుతుంది? బాదేపల్లి నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి బాదేపల్లికి. చిన్న పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, ఇంత మాత్రం తోచలేదు. నరేశ్‌కు తోచి ఉంటుంది, వాడు నా వైపు చూడకుండా చక్రం కేసి చూస్తున్నాడు.

ఆయన వేలు ముంచాడు, రుద్దాడు. బేసిన్ కేసి చూశాడు, తర్వాత నా కేసి చూశాడు. కోపం లేదు. అది కోపమైతే బాగుండేది. ఆఖరి బొట్టు దాకా ముగ్గురం అట్లాగే కూర్చున్నాం.

ఆగస్టు 22

అన్నం ముట్టడం లేదు. ఆదివారం ఎండ తగిలి ఉంటుంది. వాకిట్లో అంతసేపు కూర్చోబెట్టాను కదా, ఎండే.

ఆగస్టు 24, గురువారం

ఎండ కాదు.

పొద్దున పాలు పట్టిస్తూ చెప్పేశాను. "గా దినం నూనె తెల్లగ ఎందుకున్నదో ఎరుకనా? నరేశ్‌గాడు మనకు చెప్పకుంట అంతకుముందు వారమే షాపుల మార్పిచ్చిండట. నేను తిట్టిన వాన్ని."

ఈ మాట వెతకడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. బండి నిలిచిపోయిందంటే ఆయన తట్టుకోలేడు. బండి షాపుకు పోయిందంటే కోపమొస్తుంది, అంతే. రెండింట్లో గుడ్డి కన్నా మెల్ల నయం. జులైలో షాపు పేరు ఎత్తితేనే మంచం మీద లేచి కూర్చున్న మనిషి, ఈరోజు నా మొహం చూస్తూ చూస్తూ "పోనియ్" అన్నాడు. పాలు తాగాడు. సాయంత్రం నేను అడగకముందే స్టాండు కోసం చెయ్యి చాపాడు.

నమ్మాడు. నమ్మాడు కాబట్టే తాగాడు.

సెప్టెంబర్ 17

గడప దాకా. గేటు దాకా పోవడం లేదు, కాని గడప దాకా రోజూ వస్తున్నాడు. నేను అంగన్‌వాడీ నుంచి వచ్చే వేళకు సరిగ్గా లేచి నిలబడి ఉంటాడు. కాళ్లు వణుకుతుంటాయి. నన్ను చూసి, వెంటనే పడుకుంటాడు.

అక్టోబర్ 20, శుక్రవారం

దసరాకు బండి ఇంటికి రావాలి, పూజ చేయాలి. ఆ రోజే ఆయిల్ కూడా మారుస్తానని చెప్పాను. ఈసారి తెల్ల నూనె దిగకూడదు.

పెళ్లయ్యాక మొదటిసారి మెకానిక్ షాపు మెట్టు ఎక్కాను. ఎల్లేష్ ఒక ట్రాక్టర్ కింద ఉన్నాడు. నన్ను చూసి బయటికొచ్చాడు.

"రాజన్న ఎట్లున్నడక్కా?"

"నడుస్తున్నడు" అన్నాను. "కాలిపోయిన ఇంజనాయిల్ ఉంటే జర ఒక డబ్బెడు గావాలె."

"చెదలకా, సెంట్రింగు చెక్కలకా?"

"చెదలకు. బాగ నల్లగున్నది చూసియ్యి."

"అందరు తేట నూనె అడుగుతరు, నువ్వేందక్కా నల్లదే గావాలంటవ్" అని నవ్వి, ట్రాక్టర్ పక్కనున్న డ్రమ్ములోంచి వంచాడు. కాటుకలా ఉంది. ఎంత నల్లగా ఉంటే బండి అంత కష్టపడినట్టు. రెండు షిఫ్టులు, ఆదివారాలు కూడా. నాకు తృప్తిగా అనిపించింది. ఏం తృప్తో.

అక్టోబర్ 21, శనివారం

నరేశ్ పెళ్లాం పిల్లలతో మేళ్లచెరువులో అత్తగారింటికి పోయాడు, సోమవారం పొద్దున వస్తాడు. మధ్యాహ్నం నేనొక్కదాన్నే ఆ ఖాళీ జాగాకు పోయాను. నరేశ్ చేసినట్టే ముందు చక్రాలు జాకీతో లేపి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను. తేట నూనె దించాను, కాటుక నూనె పోశాను. లోకంలో అందరూ నల్లది తీసి తెల్లది పోస్తారు.

ఇంజను పాడవుతుందని ఒక్క క్షణం అనిపించింది. ఏ ఇంజను? ఏ దారి మీద నడిచే ఇంజను? ఆ మాట పైకి అన్నాను. వినడానికి ఎవరూ లేరు, తుమ్మ చెట్ల కింద రెండు పందులు తప్ప.

అక్టోబర్ 23, సోమవారం, దసరా

బండి కడిగి, బంతిపూల దండ వేసి, పసుపు కుంకుమ పెట్టాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి నరేశ్ ఒక్క మూర ముందుకు పోనిచ్చాడు. ఆయనకు తెల్ల చొక్కా తొడిగాను, కుర్చీలో కూర్చున్నాడు. దారిన పోయేవాళ్లు ఆగి దండం పెట్టి పోయారు. నాకు మా ఇల్లు మామూలు ఇల్లులాగే అనిపించింది.

తర్వాత కిందికి దూరి నట్టు తీశాను. నల్లగా, చిక్కగా దిగింది. "చూడు, మనోడు బండిని ఎట్ల నడిపిండో" అన్నాను కింద నుంచి.

ఆయన వేలు ముంచాడు. రుద్దాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ రుద్దాడు.

నేను బయటికి పాక్కుంటూ వచ్చి పక్కన కూర్చున్నాను. ఆయన ఎడమ చేత్తో నా చెయ్యి తీసుకుని తిప్పి చూశాడు. గోళ్ల సందుల్లో, గీతల్లో శనివారంనాటి నలుపు, ఎండిపోయి ఉంది. రెండు రోజులు సున్నిపిండి పెట్టి రుద్దినా పోలేదు. దాన్ని తన తెల్ల చొక్కా అంచుతో తుడిచాడు. ఒక్కొక్క వేలూ తుడిచాడు. "పోనియ్" అన్నాడు. ఇంకోసారి, బతిమాలినట్టు, "పోనియ్."

బండి పోనియ్ అని కాదు అది. నాకు తెలుసు. తెలియనట్టు ఆఖరి బొట్టు కోసం కూర్చున్నాను.

నరేశ్ గేటు దగ్గర నన్ను పక్కకు పిలిచాడు. "అక్కా, గిది డీజిలు బండిల కాలిన నూనె. మనది పెట్రోలు. మన బండిల ఎన్నేండ్లు నడిచినా గింత కాటుక రాదు. ఏడికెళ్లి తెచ్చినవ్?"

అక్టోబర్ 24

ఆయనకు జలుబుగా ఉంది. వాసన తెలిసి ఉండదు.

నవంబర్ 8

గడప దాకా వచ్చాడు. నేను వచ్చే వేళకు. పడబోయి తలుపు పట్టుకున్నాడు.

నవంబర్ 17, శుక్రవారం

కరుణ ఈ నెలతో రానంది. "ఇగ నేను చేసేది ఏం లేదు పెద్దమ్మా. మీరు ఆడిస్తుండుండ్రి" అని ఎట్లా ఆడించాలో చూపించి పోయింది. గేటు దగ్గర శివరాత్రి సంగతి నేను ఎత్తలేదు. ఆ పిల్ల కూడా ఎత్తలేదు.

సాయంత్రం నరేశ్ వచ్చాడు. ఆత్మకూర్ నుంచి గుర్వయ్య అనే ఆయన వచ్చి బండి చూసుకుని పోయాడట, అంగళ్లకు కూరగాయలు వేసుకుని తిరగడానికి. "నిలబడి నిలబడి టైర్లు పోతున్నయక్కా. ఇచ్చేద్దాం. బావకు నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

నేనే చెప్తానన్నాను. వాడు చెబితే దాంట్లో కూడా ముందు సీటు కోసం కొట్లాడే సార్లు వస్తారు.

నవంబర్ 19, ఆదివారం

చెప్పాను.

మంచం అంచున కూర్చుని, ఆయన మొహం నా వైపు తిప్పుకుని చెప్పాను. ట్రిప్పు పోయింది. జూన్‌లోనే పోయింది. నరేశ్ ఒక్కరోజు కూడా నడపలేదు. బండి ఐదు నెలలుగా వాడి ఇంటి వెనక తుమ్మల్లో ఉంది. షాపులో మార్పించాడన్నది అబద్ధం. దసరానాడు దిగింది మన నూనె కాదు. బండి అమ్మేస్తున్నాం.

ఇంత చెప్పి, ఇక ఏమవుతుందో అని తల వంచుకున్నాను.

"ఎర్క" అన్నాడు.

మొదట నాకు అర్థం కాలేదు. పోనియ్ కాదు. స్పష్టంగా, ఆయన పాత గొంతుతో. "ఎర్క."

మొక్కులన్నీ గుర్తొచ్చాయి. లేచి నాగరాణిని పిలుద్దామనుకున్నాను, కరుణకు ఫోను చేద్దామనుకున్నాను. లేవబోయి, అంటే ఇదంతా తెలుసునన్నమాట అని తట్టి, మళ్లీ కూర్చున్నాను.

"ఎప్పటి సంది ఎర్క? దసరా సందా?"

తల అడ్డంగా ఊపాడు.

"తెల్ల నూనె దిగిన కాడికెళ్లా?"

అడ్డంగా ఊపాడు.

"మరి? ఫోనొచ్చిన దినమా?"

"ఎర్క" అన్నాడు. మైకు గొంతు సూపర్‌వైజర్. పక్క గదిలోకి కూడా వినిపించేది, మంచం దాకా వినిపించదా?

నాకు కోపం వచ్చింది. అరిచాను. "మరెందుకు లేచినవ్? గేటు దాకా ఎందుకు నడిచినవ్? షాపంటె ఎందుకు కొట్లాడినవ్? అన్నీ ఎర్కయినంక, గా నూనె కాడ ఎందుకు కూసున్నవ్?"

ఎడమ చెయ్యి లేపాడు. చూపుడువేలు చాపాడు. నన్ను చూపించాడు.

నవంబర్ 26, ఆదివారం

గుర్వయ్య వచ్చి బండి తీసుకుపోయాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. ఇంజను చప్పుడు విని, "బాగ చూసుకున్నరమ్మా. ఆయిల్ యాడ మార్పిచ్చేటోళ్లు?" అని అడిగాడు.

"ఇంట్లనే. నువ్వు షాపుకియ్యి" అన్నాను. "తొందరపడుతరు గని, వాళ్లే నయం."

బండి పోయాక మా ఆయనకు అన్నం పెట్టాను, తిన్నాడు. మొహం ఇటే ఉంది, గోడ వైపు లేదు. ఇప్పుడు రెండు మాటలున్నాయి. డాక్టరు చెప్పినట్టు దాని వెనక ఇంకేవీ రాలేదు.

నేను అంగన్‌వాడీ నుంచి వచ్చేసరికి ఈ వారమంతా గడపలో ఎవరూ లేరు. పోయిన ఆదివారం నుంచి ఆయన మంచం దిగలేదు. నేను కూడా దిగమనలేదు.